ఇంట కట్టిన ఆంప్లిఫైయరుకు ఎన్ని వోల్టులు చాలును?

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో గాని, చెన్నపట్టణపు రిచీ స్ట్రీటులో గాని, విడిభాగములమ్ము ఏ దుకాణము ముందైనను కొంతసేపు నిలిచి వినినచో, స్వహస్తములతో ఆంప్లిఫైయరు కట్టుకొనవలెనను ఉత్సాహముతో వచ్చిన యువకులు మొట్టమొదట అడుగునది ‘ఇది ఎన్ని వాట్లు?’ అను ప్రశ్నయే గాని ‘దీనికి ఎన్ని వోల్టులు ఈయవలెను?’ అను ప్రశ్న కాదు. వాట్లు పెరిగినకొలది పరికరమునకు ఘనత, వోల్టులు పెరిగినకొలది వాట్లు అను భావము మనలో ఎంతగానో వేళ్లూనియున్నందున, బోర్డు ఓర్వగల దానికంటె అధికమైన వోల్టేజి నిచ్చుటయు, కొలది దినములలోనే ఐసీ కాలిపోవుటయు, తుదకు సరకు నకిలీదని దుకాణదారుని నిందించుటయు పరిపాటియైనవి. నకిలీ సరకు లేకపోలేదు. కాని కాలిపోయిన ప్రతి ఐసీయు నకిలీ కాదు. ఇండ్లలో కట్టుకొను ఆంప్లిఫైయర్లలో అధికభాగమునకు నేడిచ్చుచున్న వోల్టేజి అవసరమును మించినదనియు, దానిని తగ్గించుటవలన శ్రోత కోల్పోవునది అత్యల్పమనియు, ఆ తగ్గింపును ట్రాన్స్‌ఫార్మరు వద్దనే చేయవలెను గాని అదనపు వోల్టులను తెచ్చుకొని పిదప వేడిగా తగులబెట్టరాదనియు నా దృఢాభిప్రాయము.

మన ప్రాంతములలో కుఱ్ఱవారు కట్టు ఆంప్లిఫైయర్లలో మిక్కిలి ప్రచారము పొందిన ‘4440 బోర్డు’నే ఉదాహరణముగా తీసికొందము. జపానుకు చెందిన సాన్యో సంస్థవారు కారులలో వాడు రేడియోల కొఱకును, టేపురికార్డర్ల కొఱకును రూపొందించిన ఎల్‌ఏ 4440 అను ఐసీ దీనికి ప్రాణము. ఇంజను నడచుచున్న కారులో బ్యాటరీవద్ద 13, 14 వోల్టులుండును గనుక, తయారుచేసినవారు దీనికి తగినదని సూచించిన వోల్టేజి 13.2, పనిచేయునప్పుడు మించరాని మేర 18. ఈ ఐసీకి ‘పన్నెండు వోల్టులది’ అని వాడుకలో పేరుండుటచేత, కొన్నవాడు 12-0-12 ట్రాన్స్‌ఫార్మరును, రెండు డయోడ్లను, 4700 మైక్రోఫారడుల కండెన్సరును తెచ్చి కలిపి, తాను పన్నెండు వోల్టులే ఇచ్చుచున్నానని నిశ్చింతగా నుండును. కాని మీటరు పెట్టి చూచినచో అక్కడ కనబడునది పన్నెండు కాదు, ఇంచుమించు పందొమ్మిది.

ఈ ఏడు వోల్టులు ఎక్కడినుండి వచ్చినవి? ట్రాన్స్‌ఫార్మరుపై వ్రాసిన పన్నెండు ఏకాంతర విద్యుత్తు యొక్క ఆర్.ఎం.ఎస్. విలువ, అనగా వేడి పుట్టించుటలో ఏ స్థిరమైన వోల్టేజికి అది సమానమో ఆ విలువయే గాని, తరంగము యొక్క శిఖరము కాదు. డయోడ్ల వెనుకనున్న కండెన్సరు శిఖరము వఱకు నిండును. శిఖరమో, ఆ విలువకు 1.414 రెట్లు. పన్నెండుకు 17 వోల్టులు వచ్చును. అందుండి డయోడు 0.7 వోల్టును మినహాయించుకొనగా 16.3 మిగులును. ఇది మొదటి కారణము. రెండవది, ఆ పన్నెండు అను అంకె నిండు భారము మీద, అనగా ట్రాన్స్‌ఫార్మరు తాను వాగ్దానము చేసిన ఆంపియర్లన్నిటిని ఇచ్చుచున్నప్పుడు ఉండు విలువ. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో తీగ సన్నము, నిరోధము హెచ్చు. అందుచేత భారము లేనప్పుడు వోల్టేజి నూటికి పది పదిహేను పాళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, ఎక్కువగా నుండును. పదిహేను పాళ్ల లెక్కన పన్నెండు 13.8 అగును; శిఖరము 19.5, డయోడు పోగా 18.8. మూడవది మన ఇంటి గోడలోని సాకెట్టు. పూర్వము అమలులో నుండిన భారత విద్యుత్ నిబంధనలు, 1956లోని 54వ నిబంధన ఇండ్లకిచ్చు వోల్టేజి ప్రకటిత విలువకు నూటికి ఆరు పాళ్లు అటునిటు మారుటకు అనుమతించెను. 230 అని ప్రకటించినచోట 244 వఱకు వచ్చుట దోషముగా ఎంచబడలేదన్నమాట. అట్టి వేళ మన 4440 బోర్డుకు అందునది 20 వోల్టులు. పాట ఆగి, బోర్డు మౌనముగా నున్న సమయముననే దానిపై ఒత్తిడి పరమావధి నందుననుట చాలమంది ఊహింపని సంగతి.

ఇదే ట్రాన్స్‌ఫార్మరుకు నాలుగు డయోడ్ల బ్రిడ్జిని చేర్చి, దుకాణములలో డ్యూయల్ సప్లై అని పిలుచు ధన ఋణ సరఫరాను కల్పించి, టీడీఏ 2030 అను ఐసీకి ఇచ్చువారును కలరు. దాని మేర ఇరువైపుల పదునెనిమిదేసి వోల్టులు. పైన లెక్కించిన 18.8 దానిని కూడ దాటుచున్నది. టీడీఏ 2030ఏ అనుదానికి మాత్రము ఇరువైపుల 22 వోల్టుల వఱకు అనుమతి కలదు. చివర నున్న ఒక్క అక్షరము వలన నాలుగేసి వోల్టుల తేడా ఏర్పడుచుండగా, అమ్మువారును కొనువారును ఆ అక్షరమును చదువక ‘ఇరువది ముప్పది’ అని పిలిచి చేతులు మార్చుకొనుట శోచనీయము.

వోల్టేజి తగ్గించుమని చెప్పినచో వచ్చు మొదటి ఆక్షేపణ, శబ్దము తగ్గిపోవును గదా అనునది. ఈ భయమును కొంత నిదానముగా పరీక్షింపవలసియున్నది. 12-0-12 బదులు 9-0-9 ట్రాన్స్‌ఫార్మరును పెట్టినచో, పైన చేసిన లెక్కనే అనుసరించి, నిండు భారముపై 12 వోల్టులు, ఖాళీగా నున్నప్పుడు 13.9, సాకెట్టులో 244 వచ్చిన వేళ 14.8 ఉండును. అనగా ఎట్టి దుర్దినమందును పదునెనిమిది మేరకు మూడు వోల్టుల ఎడము మిగులును. దీనికి మూల్యముగా అత్యధిక శక్తి రమారమి సగమగును. సగము అను మాట వినుటకు భయంకరముగనే యుండును. కాని మానవుని చెవి శక్తిని కూడికల లెక్కను గాక రెట్ల లెక్కను గ్రహించును. శక్తి సగమైనచో తగ్గునది మూడు డెసిబెల్లులు మాత్రమే. ప్రక్కప్రక్కన పెట్టి పోల్చినగాని సామాన్యశ్రోతకు స్పష్టముగా తెలియని భేదమది. ధ్వని రెట్టింపైనదని తోచుటకు శక్తి ఇంచుమించు పదిరెట్లు కావలెను. ఒక్క వాటుకు ఒక మీటరు దూరమున 88 డెసిబెల్లులు ఇచ్చు సాధారణమైన స్పీకరు బాక్సుతో నడిమి గదిలో కూర్చుండి పాట వినువానికి సగటున ఒక వాటు కూడ ఖర్చు కాదు. తక్కినదంతయు మృదంగపు దెబ్బకో, డప్పు మోతకో క్షణకాలము అక్కఱకు వచ్చు నిలువ. ఆ నిలువ ఉండవలసినదే. కాని ఆ క్షణకాలపు మూడు డెసిబెల్లుల కొఱకు ఐసీని అహోరాత్రములు దాని మేరకు అవతల నిలుపుట వివేకము కాదు.

మన దేశమున 1990 ప్రాంతములనుండి టేపురికార్డర్ల పెట్టెలపై ‘పి.ఎం.పి.ఓ.’ అను పేర వేలకొలది వాట్లు ముద్రింపబడెను. వాని వెనుకనున్న త్రాడును, ఫ్యూజును, ట్రాన్స్‌ఫార్మరును చూచినవారికి ఆ శక్తి గోడనుండి వచ్చుట అసంభవమని సులభముగా తెలియును. ఆ అంకెలు ఒక తరము మనస్సులలో వాటు అను మాటకు అర్థము లేకుండ చేసినవి. ఇరువది వాట్లు నిజముగా ఇచ్చు ఆంప్లిఫైయరు మనయింటికి ఎక్కువయే అని చెప్పినప్పుడు నేటికిని పలువురు నమ్మలేకపోవుటకు కారణమదియే.

ఇక తగ్గించు విధానముల విషయము. అధికముగా కనబడునది, తరచుగా మెకానికులు సైతము సలహా ఇచ్చునది, సరఫరా దారిలో ఒక పెద్ద సిరామిక్ రెసిస్టరును అడ్డుపెట్టుట. ఇంతకంటె విపరీతమైన ఉపాయము మఱియొకటి లేదు. ఆంప్లిఫైయరు తీసికొను ప్రవాహము స్థిరమైనది కాదు; మౌనముగా నున్నప్పుడు ఆంపియరులో పదవ వంతు, గట్టిగా మ్రోగునప్పుడు రెండు ఆంపియర్లు. రెండు ఓముల రెసిస్టరు పెట్టినచో మౌనముననది తగ్గించునది 0.2 వోల్టు, మ్రోతవేళ తగ్గించునది నాలుగు వోల్టులు. తగ్గింపవలసినది ఖాళీగా నున్నప్పటి ఎక్కువను గదా! దాహము లేనివాని ముందు కుండ నిండుగ నుంచి, దాహమైన వేళ ముంతను దాచుట ఎట్టిదో ఇదియు నట్టిదే. ఐసీకి అపాయము తొలగదు; పాటలో డోలు దెబ్బ పడినప్పుడెల్ల వోల్టేజి క్రుంగి స్వరము చీలును; రెసిస్టరు వేడెక్కి బోర్డును మాడ్చును. మూడు దోషములును ఒక్క భాగమువలననే సంక్రమించును.

7812 వంటి రెగ్యులేటరు ఐసీ ఇంతకంటె ఎంతో మేలైనది. అది ఇచ్చు పన్నెండు నిజముగా పన్నెండే. ఎల్‌ఎమ్ 386 వంటి చిన్న ఐసీతో చేతి రేడియోకో, పిల్లల ప్రయోగమునకో కట్టిన ఆంప్లిఫైయరుకు ఇది సర్వవిధముల తగినది. కాని దాని శక్తి ఒక్క ఆంపియరు ప్రాంతమున ముగియును; పెద్ద బోర్డులకు దానిని పెంచుటకు ప్రక్కన పవర్ ట్రాన్సిస్టరును చేర్చినచో, పది వోల్టులు తగ్గించుచు రెండు ఆంపియర్లు ప్రవహింపజేయు ప్రతి దారిలోను ఇరువది వాట్ల వేడి పుట్టును. ఆంప్లిఫైయరుకు ఎంత హీట్ సింకు కావలెనో రెగ్యులేటరుకు నంత కావలసివచ్చును. ఒకటి రెండు వోల్టులు మాత్రమే ఎక్కువగా నున్నచోట, దారిలో రెండు మూడు పెద్ద డయోడ్లను వరుసగా చేర్చుట మంచి ఉపాయము. ఒక్కొక్క డయోడు ప్రవాహము కొంచెమైనను అధికమైనను దాదాపు 0.7 నుండి ఒక వోల్టు వఱకు మినహాయించును గనుక రెసిస్టరుకు గల చాంచల్యము దీనికి లేదు.

అన్నిటికంటె ఋజుమార్గము ట్రాన్స్‌ఫార్మరులోనే చుట్లు తగ్గించుట. మోటారు వైండింగు చేయు పనివారు ప్రతి పట్టణమందును ఉన్నారు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టువారును అరుదు కారు. ‘నాకు 9-0-9, మూడు ఆంపియర్లు కావలెను’ అని చెప్పినచో వారు చుట్టి ఇత్తురు. ఇంతకు పూర్వమే కొన్న ట్రాన్స్‌ఫార్మరు కడియము ఆకారము గలదైనచో, అనగా టొరాయిడల్ అయినచో, ఒక సొగసైన మార్గము కలదు. దానిపై మంచి ఇన్సులేషను గల తీగను పది చుట్లు చుట్టి, ట్రాన్స్‌ఫార్మరుకు విద్యుత్తునిచ్చి, ఆ పది చుట్లలో ఎంత వోల్టేజి పుట్టుచున్నదో కొలువవలెను. రెండు వోల్టులు వచ్చినచో వోల్టుకు ఐదు చుట్లన్నమాట. తగ్గింపవలసినది ఎంతో అంతకు సరిపడు చుట్లు చుట్టి, సెకండరీతో వ్యతిరేకదిశలో వరుసగా కలిపినచో అంత మేర వోల్టేజి తగ్గును. దిశ తప్పినచో తగ్గుటకు మారుగా పెరుగును. కావున బోర్డుకు తగిలింపక మునుపే మీటరుతో చూచుకొనవలెను. ఇరువైపుల సరఫరాకు రెండు భాగములకును సమానముగా చుట్టుట తప్పనిసరి. ఆ తీగ సెకండరీ తీగ మోయునంత ప్రవాహమును మోయగల మందము గలదై యుండవలెను. ఇందు వేడిగా వ్యర్థమగునది లేశమాత్రమే. రేకులు పేర్చిన సాధారణపు ట్రాన్స్‌ఫార్మరులో ఈ సౌలభ్యము లేదు. రేకులు విప్పి చుట్లు తీయుటకంటె సరియైనది చుట్టించుకొనుట ఉత్తమము.

వాల్వుల కాలపు నిర్మాతలకు మఱియొక వెసులుబాటు ఉండెడిది. డయోడు వాల్వు వెనుక మొదట కండెన్సరు నుంచినచో ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజికి 1.4 రెట్ల చేరువకును, మొదట చోకు నుంచినచో 0.9 వంతుకును డి.సి. వచ్చుచుండెను, ఒకే ట్రాన్స్‌ఫార్మరునుండి తమకు వలసిన మేరను వారు ఏరుకొనెడివారు. నేటి బోర్డులు కోరు ఆంపియర్లకు అట్టి చోకు పెట్టెకంటె పెద్దదగును గనుక ఆ దారి మూసికొనిపోయినదని చెప్పవచ్చును.

వోల్టేజిని నిర్ణయింపవలసినది చేతికందిన ట్రాన్స్‌ఫార్మరు కాదు, స్పీకరు యొక్క ఓములు అను సత్యమును 1969 ఏప్రిల్ నెల ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో తన పది వాట్ల క్లాస్-ఏ ఆంప్లిఫైయరును ప్రకటించిన జాన్ లిన్స్‌లీ హుడ్ ఎంతో స్పష్టముగా చూపెను. ప్రపంచమంతట ఔత్సాహికులు నేటికిని కట్టుచున్న ఆ నిర్మాణమునకు ఆయన విధించినది ఒక్క వోల్టేజి కాదు, మూడు: 3 ఓముల స్పీకరుకు 17 వోల్టులు, 8 ఓములకు 27, 15 ఓములకు 36. వానితోపాటు ప్రవాహములు వరుసగా 2.1, 1.2, 0.9 ఆంపియర్లు. గుణించి చూచినచో మూడింటను 32 నుండి 36 వాట్ల వఱకే వచ్చును. మూడింటను శ్రోతకందునది పది వాట్లే. ఎనిమిది ఓముల స్పీకరు కలవాడు ‘ఎక్కువయే మంచిది గదా’ అని 36 వోల్టులు ఇచ్చి, 1.2 ఆంపియర్లను అట్లే యుంచినచో, అదనపు పది పదకొండు వాట్లును హీట్ సింకును కాల్చుటకే వ్యయమగును.

మన మెకానికులకు చిరపరిచితమైన 2ఎన్ 3055 ట్రాన్సిస్టరు విషయమున ఈ వివేకము ఇంకను అవసరము. అది 60 వోల్టులకు మించి ఓర్చునని తయారీదారులు హామీ ఈయరు. 24-0-24 ట్రాన్స్‌ఫార్మరును బ్రిడ్జితో కలిపినచో నిండు భారముపై ఇరువైపుల 33, భారము లేనప్పుడు 36 దాటి వచ్చును. తరంగము ఒక అంచునకు చేరినప్పుడు ఎదుటి ట్రాన్సిస్టరుపై పడునది ఆ రెంటి మొత్తము, అనగా 66 నుండి 73 వోల్టులు. అది కాలుట ఆశ్చర్యము కాదు; కాలకుండుటయే అదృష్టము. 18-0-18 పెట్టినచో ఇరువైపుల 25 ప్రాంతమున నుండి, ఖాళీవేళ 27కు పెరిగినను మొత్తము 55 లోపలనే నిలుచును. ఎనిమిది ఓముల స్పీకరుపై శక్తి సుమారు 52 వాట్లనుండి 27కు దిగును. వినికిడిలో మూడు డెసిబెల్లులైన లేదు. ట్రాన్సిస్టరుల జంటపై పడగల అత్యధికమగు వేడి మాత్రము 27 వాట్లనుండి 16కు తగ్గును. వినాయకచవితి పందిరిలో వలె రెండు ఎనిమిది ఓముల బాక్సులను జతగా కలిపినచో నాలుగు ఓములై ఆ వేడి రెట్టింపగును; 33 వోల్టులపై 55 వాట్లు, 25పై 32. రాత్రి పది గంటల వఱకు ఎడతెగక మ్రోగవలసిన పరికరమునకు ఈ రెండంకెల నడుమ నున్న వ్యత్యాసమే జీవనమరణములను నిర్ణయించును.

తగ్గించిన పిమ్మట చూడవలసినవి కొన్ని కలవు. విడి ట్రాన్సిస్టరులతో కట్టిన బోర్డులో మౌనమందలి ప్రవాహమును మరల సరిచేయవలెను, 0.22 ఓముల ఎమిటర్ రెసిస్టరుపై 11 మిల్లీవోల్టులున్నచో ప్రవాహము 50 మిల్లీఆంపియర్లని అర్థము. పాత సరఫరాకు లెక్కించిన జీనరు డయోడు ఉన్నయెడల దాని రెసిస్టరును కూడ తగ్గింపవలసి వచ్చును, లేనిచో దానికి చాలినంత ప్రవాహము అందదు. మొదటిసారి విద్యుత్తునిచ్చునప్పుడు సీరీస్ బల్బు ద్వారా ఈయవలెననియు, ఫ్యూజు లేని ప్రైమరీని, ఎర్తు లేని ఇనుప పెట్టెను ఎన్నడును వాడరాదనియు వేరుగ చెప్పనక్కఱలేకుండిన బాగుండును. కాని పిల్లలు చేయు పని గనుక చెప్పవలసియున్నది.

పల్లెలలో వినవచ్చు ఒక వాదమునకు సమాధానము చెప్పక తప్పదు. సాయంకాలము లో వోల్టేజి వలన సాకెట్టులో 180 కూడ రాదు గనుక ముందుజాగ్రత్తగా పెద్ద వోల్టేజి ట్రాన్స్‌ఫార్మరును పెట్టుచున్నామని వారందురు. వారి కష్టము నిజము. లైను చివరనున్న ఊళ్లలో మోటార్లు తిరుగు వేళ దీపములు మినుకుమినుకుమనుట అందఱు ఎఱిగినదే. కాని మోటార్లు ఆగిన పిదప అదే లైనులో వోల్టేజి తటాలున పైకి లేచును. 180కి సరిపడ కట్టిన పరికరమునకు 240 వచ్చినచో మూడవ వంతు అదనముగా అందును. 9-0-9తో నడచు బోర్డు సాయంకాలము కొంత మెల్లగా మ్రోగును, అంతే, రాత్రివేళ కాలదు.

ఈ విషయమున వ్యాపారులును విద్యాలయములును చేయదగినది కొంత కలదు. బోర్డులమ్మువారు పెట్టెపై వాట్లతోపాటు, ఆ వాట్లు ఎన్ని వోల్టులకు, ఎన్ని ఓములకు వచ్చునో, డి.సి.లో మించరాని మేర ఎంతయో ముద్రింపవలెను. ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ శిక్షణ పొందు విద్యార్థులచేత, ఖాళీగా నున్న ట్రాన్స్‌ఫార్మరునకును భారము మోయుచున్న ట్రాన్స్‌ఫార్మరునకును గల భేదమును స్వయముగా కొలిపించి, ఆ అంకెలనుండి ఐసీని ఎన్నుకొను అభ్యాసమును ప్రయోగశాలలో తప్పనిసరి చేయవలెను. సూత్రమును వల్లెవేసినవాడు మరచును గాని పన్నెండు అని వ్రాసినచోట పందొమ్మిదిని కన్నులార చూచినవాడు మరువడు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టువారిని నేను కోరునది ఇంకను స్వల్పము. చుట్టుట ముగిసిన పిదప వారు ఎట్లును మీటరు పెట్టి చూతురు. ఆ చూచిన అంకెను, భారము లేనప్పటి వోల్టేజి అని, మామూలుగా అతికించు కాగితముపైననే రెండవ వరుసలో వ్రాసిన చాలును.